చిల్లర లేదు

ఈ సంచికకు ఏదన్నా రాసిమ్మని సంపాదక వర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు, "నేను సైన్సు విద్యార్థిని, నాకు రాతలేం వస్తాయి" అని తప్పుకోజూశాను. "సైన్సు వాళ్ళకు మనసుండదా?" అన్నాడతను. ఉంటుంది. ఉండబట్టే రెండేళ్ళుగా ఒక చిన్న ప్రశ్న నన్ను తొలుస్తున్నది. పరీక్ష పేపర్లో వచ్చే ప్రశ్న కాదది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఉప్పల్ చౌరస్తాలో ఎవరో ఒకరు నా ముందు చెయ్యి చాపి అడిగే ప్రశ్న. ఇవ్వాలా, వద్దా?

రెండు రూపాయల సంగతికి ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు నవ్వవచ్చు. నేనూ మొదట అట్లాగే నవ్వుకున్నాను. కానీ ఆ రెండు రూపాయల దగ్గర నేను మా నాయిన ముందు తలదించుకోవలసిన రోజు ఒకటి వచ్చింది. అది చెప్పడానికే ఈ రాత.

మాది మోత్కూరు పక్కన ఒక చిన్న ఊరు. మాకు నాలుగెకరాల చెలక, ఎకరంన్నర తరి పొలం, రెండు బోర్లు ఉన్నాయి. బోర్లలో ఒకటి ఎండిపోయి నాలుగేళ్ళయింది. మా ఇంటికి అడుక్కునేవాళ్ళు రావడం నాకు కొత్త కాదు. తెల్లవారుజామున గంట వాయించుకుంటూ బాలసంతు వచ్చేవాడు. సంక్రాంతికి గంగిరెద్దులవాళ్ళు, కోతలయ్యాక బుడిగె జంగాలు వచ్చేవాళ్ళు. వాళ్ళెవరినీ మా ఇంట్లో 'బిచ్చగాళ్ళు' అనగా నేను వినలేదు. "జంగమాయన వచ్చిండు", "గంగిరెద్దులోళ్ళు వచ్చిన్రు" అనేవాళ్ళు. వాళ్ళకో పేరుంది, రావడానికో కాలముంది, పాడడానికో కథ ఉంది. మా తాత కాలంలో వడ్లు తూర్పార పట్టేనాడు వీళ్ళంతా కల్లం దగ్గరికే వచ్చేవాళ్ళట. అడిగినవాడికల్లా చేటెడు గింజలు పోసి, మిగిలినవి ఇంటికి తెచ్చుకునేవాళ్ళట. ఇప్పుడు కల్లమే లేదు. హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టర్‌లో పడి, పొలంనుంచి నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతాయి. మధ్యలో చేట పట్టేందుకు చోటు లేదు.

మా నాయనమ్మకు కొన్ని కట్టుబాట్లున్నాయి. ఇంట్లో బియ్యం అయిపోతే 'లేవు' అనకూడదు, 'నిండుకున్నయి' అనాలి. వాకిట్లోకి వచ్చినవాడికి పెట్టేందుకు ఏమీ లేకపోయినా 'లేదు పో' అనకూడదు. "ఇయ్యాల చెయ్యి ఆడతలేదు, ముందటికి పో అయ్యా" అనాలి. పెట్టే ముందు "ఏ ఊరు?" అని తప్పకుండా అడగాలి. ఎందుకని నేనొకసారి అడిగితే, "మనిషన్నంక ఊరుండదా?" అన్నది. అది జవాబని అప్పుడు నాకు తోచలేదు.

డిగ్రీలో చేరాక ముగ్గురం కలిసి చిల్కానగర్‌లో గది తీసుకున్నాం. పేరు వింటే చిలకలు గుర్తొస్తాయి గానీ, నేను చూసినవన్నీ పావురాలే. బీరప్పగడ్డ వైపు ఒక సందులో మూడో అంతస్తు, పైన రేకులు. కింది పోర్షన్లలో నాచారం కంపెనీలకు షిఫ్టు డ్యూటీకి పోయేవాళ్ళు, మేస్త్రీ పనివాళ్ళు, మాలాగా పల్లెనుంచి బియ్యం మూట తెచ్చుకుని చదువుకునేవాళ్ళు ఉంటారు. వరంగల్ రోడ్డున వచ్చే మా జిల్లా బస్సులన్నీ దించేది ఉప్పల్‌లోనే గనుక, మాకు పట్నమంటే మొదట ఉప్పల్, ఆ తర్వాతే చార్మినార్.

గదినుంచి నడిచి చౌరస్తాకు వచ్చి తార్నాక వైపు బస్సెక్కుతాను. ఆ కాస్త దూరంలో ఎంతమంది అడుగుతారో మొదటి వారంలోనే తెలిసిపోయింది. సిగ్నల్ దగ్గర కారు అద్దాలు తుడిచే పిల్లలు, చంకలో బిడ్డతో ఒక తల్లి, చక్రాల చెక్కమీద కూచుని చేతులతో నెట్టుకుంటూ వచ్చే ఒకాయన, మెట్రో మెట్ల కింద ముసలివాళ్ళు. శనివారమైతే నూనె గిన్నెలో శనిదేవుణ్ణి పెట్టుకుని వచ్చేవాళ్ళు వేరు. మొదట్లో నేను అందరికీ ఇచ్చాను. మా ఇంటి అలవాటది. నెలాఖరుకు లెక్క చూసుకుంటే గుండె గుభేలుమన్నది. రోజుకు తొమ్మిదిమంది, మనిషికి ఐదు రూపాయలు, నెలకు 26 రోజులు. మొత్తం 1,170 రూపాయలు. ఇంటినుంచి నాకు చేతిఖర్చుకు వచ్చేదే రెండు వేలు! ఆ నెల చివరి వారం పచ్చి పులుసుతో గడిపాం.

దాంతో గదిలో చర్చ మొదలైంది. మా ముగ్గురిలో ఒకడు కచ్చితమైన మనిషి. "నువ్విచ్చే ఐదు రూపాయలు ఆ పిల్లవాడికి చేరుతాయనుకుంటున్నావా? సాయంత్రం వాణ్ణి దింపినవాడొచ్చి లెక్క తీసుకుంటాడు. పిల్లవాడికి డబ్బు రాలుతున్నన్నాళ్ళు వాణ్ణి ఎవడూ బడికి పంపడు. నువ్వు జాలిపడి వాడి చదువు పాడు చేస్తున్నావు" అన్నాడు. రెండోవాడు మెత్తని మనిషి. "అడిగినవాడికి ఇవ్వకుండా వస్తే నాకు ముద్ద దిగదు. వాడు మోసం చేస్తే పాపం వాడిది, నాకెందుకు?" అన్నాడు. మొదటివాడు ఊరుకోలేదు. "విజయ్ ఆంటోనీ 'బిచ్చగాడు' చూసి ఏడ్చిన బ్యాచి మీది. 2016లో థియేటర్లో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళంతా బయట సైకిల్ స్టాండు దగ్గర చెయ్యి చాపినవాడికి ఎంత ఇచ్చారో లెక్క తియ్యి" అన్నాడు. ఆ మాటకు జవాబు ఎవరి దగ్గరా లేదు. ఎందుకంటే అది ఇవ్వమని చెప్పే మాటో, వద్దని చెప్పే మాటో మాకే అర్థం కాలేదు.

నేను సైన్సు విద్యార్థిని గనుక ప్రయోగం చేద్దామనుకున్నాను. పాత రికార్డు పుస్తకం వెనక పేజీల్లో గళ్ళు గీశాను. తేదీ, ఎవరు అడిగారు, ఇచ్చింది ఎంత. ఒక నెలంతా ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. మనసుకు ఏమవుతుందో చూడాలి. ఇది సులువే అయింది. ఫోన్‌పే వచ్చాక జేబులో నాణేలెక్కడివి? టీకి స్కాన్, బస్సుకు పాస్, జిరాక్సుకు స్కాన్. "చిల్లర లేదు" అనేది మన పెద్దవాళ్ళకు అబద్ధం. మన తరానికి అది నిజమైపోయింది. నిజం చెప్పి తప్పించుకోవడంలో ఉన్న సుఖం అబద్ధంలో లేదు సుమా!

పన్నెండో రోజునో పదమూడో రోజునో, మెట్రో పిల్లర్ నీడలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, మాసిన ధోవతి, పక్కన ఒక సంచి. బస్సు కోసం నిలబడ్డ నావైపు చెయ్యి చాపాడు. నేను మామూలుగా "చిల్లర లేదు" అనవలసింది. కానీ ఆ రోజు గదిలో జరిగిన వాదన బుర్రలో తిరుగుతున్నదేమో, "పని చేసుకోవచ్చు గదా పెద్దయ్యా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. చాపిన చెయ్యి మోకాలిమీద పెట్టుకుని, నావైపు ఆశగా చూశాడు. "పనుంటే చెప్పు బిడ్డా, చేస్త" అన్నాడు.

నా దగ్గర పని ఎక్కడిది? అప్పుడే బస్సు వచ్చింది. ఆ బస్సు నాకు చేసిన మేలు మా చుట్టాలు కూడా చెయ్యలేదు. ఎక్కి కూర్చున్నాను. రాత్రి పుస్తకంలో రాశాను: 'వృద్ధుడు. ఇవ్వలేదు.' మూడో గడిలో సున్న.

ఆ సున్న నన్ను లైబ్రరీకి నడిపించింది. చట్టం ఏమంటుందో చూద్దామనిపించింది. మన రాష్ట్రంలో భిక్షాటన నిరోధక చట్టం 1977లోనే వచ్చింది. దేశంలో చాలాచోట్ల ఇలాంటి చట్టాలకు నమూనాగా నిలిచింది 1959 నాటి బొంబాయి చట్టం. దానికీ వెనక ఇంగ్లండులో 1824లో చేసిన చట్టం ఒకటి ఉంది. నెపోలియన్‌తో యుద్ధాలు ముగిసి, పని దొరక్క వీధిన పడ్డ సైనికులు ఊళ్ళనిండా తిరుగుతున్న కాలమది. దేశం కోసం పోరాడినవాళ్ళను ఆ దేశమే వీధిలో కనబడవద్దన్నది. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు, బొంబాయి చట్టంలో అడుక్కోవడాన్ని నేరంగా చూసే నిబంధనలను ఆ నగరం వరకు కొట్టివేసింది. కరోనా రోజుల్లో, 2021 జులైలో, సిగ్నళ్ళ దగ్గర అడుక్కునేవాళ్ళను తొలగించాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళితే, ఈ విషయంలో పైవర్గాల చూపుతో చూడలేమని, బతుకు గడవకనే మనుషులు వీధికెక్కుతారని న్యాయమూర్తులు అన్నారు. ఇంకోవైపు ఇండోర్ నగరం 2025 జనవరినుంచి అడుక్కునేవాణ్ణే కాదు, ఇచ్చేవాణ్ణి కూడా తప్పుపట్టడం మొదలుపెట్టింది. అంటే కోర్టులకూ నగరాలకూ కూడా మా గదిలో ఉన్న తగాదానే ఉందన్నమాట.

మన హైదరాబాదు సంగతి నాకు స్వయంగా గుర్తుంది. 2017 నవంబరులో నేను ఏడో తరగతి. 28వ తేదీన ఇక్కడ ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలైంది. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వచ్చింది. అదే రోజు మెట్రో రైలునూ ప్రారంభించారు. దానికి మూడు వారాల ముందే, నవంబరు 8నుంచి రెండు నెలలపాటు నగరంలో వీధుల్లో అడుక్కోవడం నిషేధమని పోలీసు కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. పట్టుకున్నవాళ్ళను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో 'ఆనందాశ్రమం' అని పేరుపెట్టిన వసతులకు తరలించారు. ఇక అడుక్కోమని రాయించుకుని చాలామందిని వదిలేశారు. అట్లా దొరికినవాళ్ళలో బాగా చదువుకుని, విదేశాల్లో ఉండి వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరున్నారని పత్రికల్లో వచ్చింది. జారిపడడానికి చదువు అడ్డం కాదన్నమాట. తర్వాత జైళ్ళ శాఖ, బిచ్చగాణ్ణి చూపించినవాళ్ళకు 500 రూపాయల బహుమతి అని ప్రకటించింది. టీవీలో ఆ వార్త విని మా నాయనమ్మ అన్నమాట నాకింకా చెవిలో ఉంది. "చూపెట్టినోడికి ఐదు నూర్లా? అవేవో ఆ మనిషికే ఇస్తే అడుక్కోడు గదా!"

ఆ ఉత్తర్వు హైదరాబాదు కమిషనరేట్ వరకే. ఉప్పల్ అప్పటికే రాచకొండ కమిషనరేట్ కింద ఉంది. అడుక్కునేవాడికి ఆ సరిహద్దు తెలుసునో లేదో నాకు తెలియదు. నేను రోజూ నిలబడే మెట్రో పిల్లర్లమీద రైలు నడవడం మొదలైంది మాత్రం ఆ వారంలోనే.

నాయనమ్మ మాట పట్టుకుని నేనొక లెక్క వేశాను. 2011 జనగణన ప్రకారం దేశంలో బిచ్చగాళ్ళు, దిక్కులేక తిరిగేవాళ్ళు కలిసి 4,13,670 మంది. పశ్చిమ బెంగాల్‌లో 81,224 మందీ, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 30,218 మందీ. మా నాయనమ్మకు వచ్చే ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు. 2014లో వెయ్యితో మొదలై 2019లో అంతయింది. ఈ నాలుగు లక్షల మందికీ అదే పింఛను ఇస్తే ఏడాదికి దాదాపు వెయ్యి కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఆనాటి 121 కోట్ల జనాభాకు పంచితే మనిషికి ఏడాదికి ఎనిమిది రూపాయల చిల్లర! వీధిలో ఉన్నవాళ్ళను లెక్కించడం కష్టం గనుక అసలు సంఖ్య పదింతలు ఉందనుకున్నా 83 రూపాయలు. నేను ఒక్క నెలలో 1,170 పంచి ఎవరి బతుకూ మార్చలేకపోయాను. అందరం కలిసి ఒక సినిమా టికెట్టుకు తక్కువ వేసుకుంటే ఒక ముసలాయన చెయ్యి చాపనక్కరలేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పింఛను తీసుకునేటప్పుడు మా నాయనమ్మ తలవంచదు. ఆలస్యమైతే పంచాయతీ ఆఫీసు ముందు గొంతు పెంచి అడుగుతుంది కూడా. మన ఫీజు ప్రభుత్వం కడితే మనం దాన్ని ధర్మం అనం, హక్కు అంటాం. డబ్బు డబ్బే. ఒకటి తీసుకుంటే తల నిటారుగా ఉంటుంది, ఇంకొకటి తీసుకుంటే వంగిపోతుంది. అయితే పింఛనుకు ఆధార్ కావాలి, ఇల్లు కావాలి, ఊరు కావాలి. పిల్లర్ నంబరు చిరునామాగా రాసుకునేవాళ్ళెవరూ లేరు.

ఈ లెక్క తేలాక నాకు మహా తృప్తి కలిగింది. 'ఇవ్వవలసింది నేను కాదు, ప్రభుత్వం' అని పుస్తకంలో గీతగీసి రాసుకున్నాను. ప్రయోగం ముగిసిందనుకున్నాను. అట్లా రాసుకుని నెల తిరక్కముందే మా నాయిన పట్నం వచ్చాడు.

మార్చి నెల. ఎండ అప్పుడే ముదిరింది. పరీక్ష ఫీజు డబ్బులు, పాతిక కిలోల బియ్యం మూట తీసుకుని నాయిన పొద్దుటి బస్సుకు వస్తానన్నాడు. పదకొండు గంటలకు ఉప్పల్‌లో కలుసుకోవాలి. ఆ రోజు నాకు ప్రాక్టికల్ సాగిపోయింది. టైట్రేషన్‌లో చివరి చుక్కకు రంగు పట్టక మళ్ళీ మళ్ళీ చేయవలసి వచ్చింది. నాయిన ఫోనుకు చార్జింగు లేదు. నేను పరుగెత్తుకుంటూ చౌరస్తాకు వచ్చేసరికి రెండయింది.

మెట్రో పిల్లర్ నీడలో, ఆ పెద్దాయన కూర్చున్న చోటికి పది అడుగుల దూరంలో, మా నాయిన బియ్యం మూటకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కండ్లు మూసుకున్నాడు. వారం రోజుల గడ్డం, పొలానికి కట్టే ధోవతి, పిన్నీసు పెట్టిన చెప్పులు. తలకు కట్టుకునే తువ్వాలు తడిపి, ఆరడానికి ముందర నేలమీద పరిచాడు. ఆ తువ్వాలుమీద ఒక పది రూపాయల నోటు, రెండు రూపాయి బిళ్ళలు ఉన్నాయి.

అవి ఎట్లా వచ్చాయో అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. మొదట అటూ ఇటూ చూశాను, మన కాలేజీవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరని తెలిసిన తర్వాతనే వంగి ఆ పన్నెండు రూపాయలు తీసి జేబులో వేసుకున్నాను. అప్పుడు "నాయినా" అని పిలిచాను. నాయిన కండ్లు తెరిచి, "వచ్చినవా బిడ్డా, తిన్నవా?" అన్నాడు.

మూట నేనెత్తుకున్నాను. ఇద్దరం చిల్కానగర్ వైపు నడిచాం. నేను గలగలా మాట్లాడుతున్నాను. ప్రాక్టికల్ గురించి, గది ఓనరు గురించి, అడగని సంగతులన్నీ చెబుతున్నాను. సగం దూరం వచ్చాక నాయిన నెమ్మదిగా అడిగాడు.

"ఆ పైసలు ఏం జేసినవ్?"

మూట భుజంమీదనుంచి జారబోయింది. "నువ్వు నిద్రపోలేదా?" అన్నాను.

"నిద్రెక్కడిది, ఆ బండ్ల సప్పుడుల? ఒక పిల్ల వచ్చింది, నీ ఈడుదే, సంచి తగిలించుకున్నది. పది రూపాయలు పెట్టింది. నేను కండ్లు తెరిస్తే ఆ పిల్ల సిగ్గుపడుతది గదా? పాపం, మంచి మనసుతోని పెట్టింది. అందుకే మూసుకున్న. ఆమెను జూసి ఇంకో ఇద్దరేసిన్రు."

"నీకు కోపం రాలేదా నాయినా?"

నాయిన బొడ్లోని సంచి తడిమి చూపించాడు. "ఈ ఫీజు పైసలు నేనేం నా గుమ్మిలకెల్లి తీసిన్ననుకున్నవా? నాలుగిండ్లు తిరిగితే, ఎరువుల దుకాణమాయన సర్దిండు. చెయ్యి చాపుడు చెయ్యి చాపుడే బిడ్డా. నన్ను ఎరిగినోళ్ళ ముందర చాపిన గాబట్టి అప్పు అన్నరు. ఎరగనోళ్ళ ముందర చాపితే బిచ్చమంటరు."

నేనేమీ మాట్లాడలేకపోయాను. నాయిన దగ్గర ఆ సమయంలో ఆరు వేల రూపాయలున్నాయి. నా జేబులో ఆయనకు వేసిన పన్నెండు రూపాయలున్నాయి. గదిలో, పుస్తకంలో, 'వృద్ధుడు. ఇవ్వలేదు' అనే గీత ఉంది. "పనుంటే చెప్పు బిడ్డా" అన్నాయన కూడా కొడుకు కోసం ఎదురుచూస్తున్నాడేమో, ఎవరు చెప్పగలరు? నేను ఆయన్ను ఏ ఊరని కూడా అడగలేదు.

"మనవి కావు, ఇచ్చెయ్" అన్నాడు నాయిన. సందు మొదట్లో గుడి మెట్ల దగ్గర ఒక ముసలామె కూర్చుంటుంది. నేను పన్నెండు రూపాయలు వెయ్యబోయాను. నాయిన నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏ ఊరవ్వా?" అన్నాడు.

రెండేళ్ళుగా ఆమెను చూస్తున్నాను. ఆమె గొంతు ఆ రోజే విన్నాను. ఆమెది దేవరకొండ అవతల ఒక పల్లె. రెండు బోర్లు వేసి రెండూ ఎండితే భూమి కౌలుకిచ్చి కొడుకు కోడలుతో పట్నం వచ్చింది. కొడుకు ఏదో కట్టడం పనిమీద వేరే రాష్ట్రం పోయాడు. అతని ఫోన్ నంబరు రాసుకున్న కాగితం పోయింది. నాయిన అరగంట కూర్చున్నాడు. ఎన్ని ఫీట్లకు వేశారు, ఎక్కడ బండ తగిలింది అని ఇద్దరూ బోర్ల సంగతి మాట్లాడుకున్నారు. తర్వాత మా మూట విప్పి, రెండు దోసిళ్ళ బియ్యం ఆమె కొంగులో పోయబోయాడు.

ఆమె నవ్వింది. "బియ్యం ఏం జేసుకోను కొడుకా? పొయ్యెక్కడిది?"

నాయిన దోసిలి గాలిలో అట్లాగే ఉండిపోయింది. ఆయన్ను అంత తెల్లబోయి నేనెప్పుడూ చూడలేదు. పల్లెలో మా ఇంటి ధర్మమంతా ఆ దోసిట్లోనే ఉంది. పట్నంలో అది చెల్లలేదు. చివరికి ఎదురుగా ఉన్న టిఫిన్ బండిలో ఆమెకు ఇడ్లీ కట్టించి, పన్నెండు రూపాయలూ చేతిలో పెట్టి లేచాం. పొద్దుగూకే బస్సుకు నాయిన వెళ్ళిపోయాడు. బస్సెక్కేముందు, "ఆమె కొడుకు సంగతి ఎవరినన్న అడుగురా" అన్నాడు. అడిగాను. ఆ మేస్త్రీ పేరు తప్ప ఆమెకు ఏమీ గుర్తులేదు. ఇంతవరకు ఏమీ తెలియలేదు.

మిత్రులారా, ఇంత చెప్పాక ఇవ్వాలో వద్దో తేల్చమంటారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను. పిల్లలకు డబ్బు ఇవ్వను. ఈ విషయంలో మా గదిలోని కచ్చితమైన మనిషి చెప్పిందే నాకు సరిగా తోస్తుంది. చిన్నపిల్లలను పదే పదే అడుక్కోను పెడుతున్నారనిపిస్తే 1098 నంబరుకు చెప్పవచ్చు. ఒకసారి చెప్పాను కూడా. ముసలివాళ్ళకు, నడవలేనివాళ్ళకు ఇస్తాను. మన నగరంలో 2014లో ఐదు రూపాయల భోజనం మొదలైంది. అంచేత 'ఐదు రూపాయలతో వాడికేమొస్తుంది' అనే మాట నా నోట మళ్ళీ రాకూడదు. దానితో తాగుతాడేమో అన్న అనుమానం నాకూ వస్తుంది. ఎరువుల దుకాణమాయన మా నాయినను ఆ మాట అడగలేదని గుర్తు చేసుకుంటాను. అందరికీ ఇవ్వలేను, నా దగ్గర లేదు. ఇవ్వలేనప్పుడు "చిల్లర లేదు" అనడం మానేశాను. "ఇవాళ చెయ్యి ఆడటం లేదు పెద్దయ్యా" అంటాను. వినేవాడికి తేడా ఏమిటని మీరనవచ్చు. తేడా నాకుంది. మొదటి మాట జేబును చూసి చెప్పేది, రెండోది మనిషిని చూసి చెప్పేది.

పింఛను లెక్క తప్పని నేను అనడం లేదు. ఆ ఎనిమిది రూపాయల లెక్క ఎవరైనా గట్టిగా అడగవలసిందే. చదువుకున్న మనమే అడగాలి. కానీ ఆ లెక్కను నేను అడగడానికి వాడుకోలేదు. చెయ్యి జేబులోనే ఉంచుకోవడానికి వాడుకున్నాను. అదీ నా తప్పు.

మెట్రో పిల్లర్ దగ్గర ఆ పెద్దాయన కోసం చాలారోజులు చూశాను. మళ్ళీ కనబడలేదు. రికార్డు పుస్తకంలో ఆ గీత అట్లాగే ఉంది. కొట్టెయ్యబుద్ధి కాలేదు. ఆ పేజీ తర్వాత నేను గీసుకున్న గళ్ళలో మాత్రం చిన్న మార్పు చేశాను. 'ఇచ్చింది ఎంత' అనే గడి తీసేశాను. దాని చోట 'ఏ ఊరు' అని రాసుకున్నాను. అందులో ఇప్పటికి పందొమ్మిది ఊళ్ళున్నాయి. వాటిలో రెండు మా మండలంలోవే.